చిన్న కర్ర

కాగితాల మీద సంతకాలు అయిపోనాయి గానీ
ఇలియాజరూ, బండి ఇంకా నీది కాలేదు.
కూకో. డ్రైవరు సీట్లో నువ్వు కూకో.
పక్క సీట్లో నాను.
పద్నాలుగేళ్లలో ఇటేపు నించి
దీని అద్దం ఎప్పుడూ సూడలేదు.

పెద్ద కర్ర సంగతి నీకు తెలుసు.
దాని పక్కన గుండు అరిగిపోయి
అచ్చరాలు కనపడని ఈ చిన్నది,
దీని గురించే సెప్పాల.

పర్లాకిమిడి బజార్లో, బరంపురం తారు మీద
రెండు చక్రాలు సాలు.
ఎనకవి తోస్తాయి, ముందువి దారి సూస్తాయి.
ఎండ కాసిన తారు మీద నాలుగూ కలిపేవంటే
మలుపులో బండి బిగిసిపోద్ది,
ఒకే డోలీ మోసే ఇద్దరు
సెరో పక్కకీ తిరిగినట్టు.
లోపల ఇనుం మూలుగుతాది.
మా తమ్ముడు తవిటయ్య దర్జాకి అలాగే తోలీవోడు.
ఆ మూలుగు బాగుసెయ్యడానికి
పదకొండు వేలు, ఒక మేక.

ఉదయగిరి దాటి ఎర్రమట్టి మొదలయ్యే కాడ
మబ్బుని సూడు, గడియారం సూడకు.
ఫోర్ హై ఆడే ఏసుకో.
బండి నడుస్తుండగానే పడతాది,
స్టీరింగు సూటిగా ఉంచి, కాలు కాస్త తేలిక సెయ్యి.
దిగబడిపోనాక ఏసేవంటే
రెండు గోతుల బదులు
నాలుగు గోతులు తవ్వుకుంటావు, అంతే.

ఇక ఫోర్ లో.
దానికి ఆగాల.
పూర్తిగా ఆగాల. న్యూట్రలు. క్లచ్చి.
అప్పుడు కిందికి లాగు.
పట్టకపోతే దాన్ని తిట్టకు,
ఒక జానెడు ముందుకి కదిపి మళ్లీ అడుగు.

సెరంగో ఘాటీలో ఆ శ్రావణం రాత్రి
నాకిది తెలిసినట్టే ఉంది, తెలీదు.
ఎనక నలభై పనసకాయలు.
ఎదురుగా, వానలో, డోలీ.
మార్తా గొమాంగో, నెలలు నిండిన మనిషి,
మోసేవోళ్ల కాళ్లకి జలగలు.
కాయలు దించీసి ఎక్కిద్దామన్నారు.
వొద్దన్నాను.
ఎనక బరువుంటేనే చక్రాలు నేలని నమ్ముతాయి.
పనసకాయల మద్దిన గోనెలు పరిసి
ఆమెని కూకోబెట్టి, పైన టార్పాలిను కట్టేం.

దిగుడులో నా కాలు బ్రేకు మీదికే పోతన్నాది.
బ్రేకు తొక్కితే చక్రం ఆగుతాది,
బండి ఆగదు,
బురద మీద తిన్నగా లోయలోకి జారుతాది.
ఫోర్ లో, ఒకటో గేరు ఏసి
రెండు కాళ్లూ ఎనక్కి తీసీసుకున్నాను.
ఇంజినే పట్టుకుంది,
పొగరు ఎద్దుని ముక్కుతాడుతో పట్టుకున్నట్టు.
ఏం సెయ్యకుండా కూకోడం
అంత కష్టమని అప్పుడు తెలిసింది.

ఎనక నించి మార్తా
'ఇంత నెమ్మదా? నా కాళ్లే నయం' అని
సవరలో తిట్టింది.
నాకు సవర తిట్లవరకే వొచ్చు.
మూడు కిలోమీటర్లు, గంటా పావు.
ఆస్పత్రి గుమ్మం కాడ కూడా
ఆ తిట్టు ఆగలేదు,
ఆగలేదంటే బాగుందనే గదా.
తెల్లారి లెక్కేస్తే
ఐదు కాయలు తక్కువున్నాయి.
మోసినోళ్లని నాను అడగలేదు.

ఘాటీకి తారు ఏస్తారంటన్నారు.
ప్రతి ఎండాకాలం అంటారు.
పడితే మంచిదే,
నా మోకాలు ఈ మాట ముందే అంది.
అప్పుడు కూడా నెలకోసారి
ఎక్కడైనా ఇంత మట్టి ఎతుక్కుని
దీన్ని ఏసి తీస్తుండు.
పనిలేని ఇనుం బిగిసిపోతాది.

ఇంకేటో సెప్పాలనుకున్నాను.
ఆ, ఎడమ తలుపు గట్టిగా ఏస్తేనే పడతాది.

పద. నన్ను ఇంటికాడ దింపీ.
అంతా సిమెంటు రోడ్డే,
సెయ్యి అటేపు పెట్టకు.
రెండు సాలు.