నాలుగంగుళాల మెట్టు

నక్కలగుట్టలో టైర్ల షాపు మీద రెండో అంతస్తు.
నూట ఎనభై రోజులు
ఎండకు కాగిన రబ్బరు వాసనలో గీతలు గీశాను.
ఇవాళ ఫర్హత్ మేడం
పచ్చ సిరా పెన్ను వెతికి, దొరక్క, నీలం దానితోనే
నా శిక్షణ పత్రం మీద సంతకం పెట్టింది.
ముద్ర ఒక మూల సరిగా పడలేదు.
"మళ్లీ కొట్టనా?" అంది.
వద్దన్నాను.

పత్రంలో ఒక గడి:
ఈ కాలంలో నేర్చుకున్నవి.
ఐదు వరుసల జాగా.
కార్పొరేషన్ అనుమతి నక్షాలు, అని రాశాను,
కొలతలు తీయడం, తలుపుల కిటికీల పట్టిక,
సైటు పర్యవేక్షణ.
వరుసలు అయిపోయాయి.

కాజీపేటలో, పట్టాలకు కేక దూరంలో
నూట ఇరవై గజాలు.
ఇంటాయన ఎలీషా, ముప్పై మూడేళ్లు
గూడ్సు బండి నడిపి దిగినాయన.
ఆయన పడకగదికి పట్టాల దిక్కు
తొమ్మిదంగుళాల గోడ గీశాను,
సూది దూరే సందు లేకుండా.
చప్పుడు రాదు అంకుల్, అని గొప్పగా చెప్పాను.
ఆయన నక్షాను అటు తిప్పి, ఇటు తిప్పి
చానాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నా గోడ మీద గోటితో ఒక చదరం గీకి,
"ఈడ కిటికి పెట్టమ్మా.
బండి పోయిన సప్పుడు ఇనకపోతే
నాకు నిద్ర రాదు.
లేటైతే లేటని తెల్వాలె గదా."

ధ్వని లెక్కలు నేను బాగానే చదివాను.
అరవై నాలుగు మార్కులు.

ఇక మెట్లు.
కాగితం మీద పద్దెనిమిది, అన్నీ ఏడంగుళాలు,
పలువరస తీరు.
కింద పరిచే గ్రానైటు బండ, దాని కింది మాలు
మూడంగుళాలు మింగుతాయని
మరిచాను.
మొదటి మెట్టు నాలుగే తేలింది.

ఓదెలు మేస్త్రి దారం పట్టి చూశాడు.
చూసి చెప్పలేదు.
"ఎక్కు బిడ్డా. కిందికి సూడకుండ."
ఎక్కాను.
కాలు లేని ఎత్తును వెతుక్కుని
ధన్‌మని పడింది. నాలుక కరుచుకున్నాను.
"కాయితానికి కాళ్లుండయి," అన్నాడు,
బీడీ చెవి మీంచి తీస్తూ.

ఫోన్లో మేడం ఎవరి తప్పని అడగలేదు.
ఎన్ని రోజులు, అంది.
రెండు.
సిమెంటు లెక్క రాసిపెట్టు, అంది.

పోయిన మూడంగుళాలను
ఓదెలు కింది ఆరు మెట్లకు
అరంగుళం చొప్పున పంచాడు,
అన్నదమ్ములకు అప్పు పంచినట్టు.
నేను సిగ్గుకొద్దీ మాలు తట్ట ఎత్తబోతే
రాజవ్వ గుంజుకుంది.
"నీ పని నువ్వు సక్కగ జెయ్యి పిల్లా.
నా పని నాకు ఇడువు."
ఆ రాత్రి హాస్టల్లో
నక్షా మొత్తం మళ్లీ కొలిచాను,
బండ మందంతో సహా.
మూడు చోట్ల ఇంకో మూడు తప్పులు.

ఇంకా థీసిస్ ఉంది.
తర్వాత కౌన్సిల్ నంబరు రావాలి.
అందాకా నా పేరు పక్కన
ఏ ముక్కా రాసుకోవద్దు,
రాస్తే నేరం.
పత్రాన్ని ఫైల్లో పెట్టుకుని
చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కాను.
హాస్టల్ దగ్గర దిగాల్సింది, దిగలేదు.

కింద కుక్కర్ విజిల్.
ఎలీషా మనవడు మూడో మెట్టు మీద కూర్చుని
సర్వపిండి తింటున్నాడు.
వాణ్ణి దాటుకుని, కిందికి చూడకుండా ఎక్కాను.
ఒకటి, రెండు, నాలుగు, ఆరు.
ఏడో మెట్టు దగ్గర అరంగుళం తేడా
నా మడమకు తెలిసింది.
ఇంకెవరికీ తెలియదు, అనుకుంటా.

పైన ఆయన కిటికీ దగ్గర కుర్చీలో.
నన్ను చూసి లేవలేదు, మంచం చూపించాడు.
పత్రం సంగతి చెబుదామని ఫైలు తెరవబోయాను.
చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు.
దూరాన మొదట చక్రాలు, తర్వాత కూత.
గ్రిల్లు సన్నగా వణికింది.
ఆయన గడియారం చూసుకున్నాడు.
"పదకొండు నిమిషాలు లేటు," అన్నాడు,
ఎవడో చిన్నోడు నడుపుతున్నట్టుంది, అని.