బండి ఱ

కారం నుంచి కాయ రాదు.
మా నాన్న గుంటూరు యార్డులో ముప్పయ్యేళ్ళు టిక్కీలు మోశాడు,
ఆయనకి హ్యాష్ అంటే ఇలాగే చెప్పాను:
మరలో పోసిన మిరపకాయ మళ్ళీ తొడిమతో లేవదు నాన్నా,
అనుమానమున్న కాయనల్లా తెచ్చి అదే మరలో ఆడించి
పొడికి పొడి సరిపోయిందా అని చూడడమే నా పని.
"మరి ఉప్పు కలిపితే?" అన్నాడు.
కలుపుతారు. దాన్నీ ఉప్పనే అంటారు.
ఆయన నవ్వబోయి తుమ్మాడు.

బెజవాడ గవర్నర్‌పేటలో, బ్యాటరీల కొట్టు మీద నా గది.
కోటిలింగం గారు ప్రెస్సు కంప్యూటరు ఆటోలో తెచ్చారు,
దాంతోపాటు ఒక అట్టపెట్టె.
"ప్రూఫులు దిద్దే భావన్నారాయణ పోయి ఏడాది, ముంతాజూ.
పదకోశమంతా ఇందులో పెట్టి తాళం వేసుకుపోయాడు.
పుస్తకాల్లో ఱ తీసేయమన్నందుకు
నాతో నాలుగేళ్ళు మాట్లాడలేదు.
పాస్‌వర్డులో అది లేకపోతే నా చెవి కోయించుకుంటా."

ఇంగ్లీషు అక్షరాలైతే నా యంత్రం నిద్రలోనూ తిప్పుతుంది.
మన అక్షరం దగ్గరికొచ్చేసరికి లెక్క తప్పుతుంది.
కంటికి ఒక్క ఱ,
లోపల మూడు బైట్లు, రైలుపెట్టెల్లా తగులుకుని.
సున్నా విడిగా, దీర్ఘం విడిగా, పొల్లు విడిగా.

నిఘంటువు తెరిచి ఱ ఉన్న మాటలన్నీ పోశాను:
చెఱకు, గుఱ్ఱం, ఉఱుము, వెఱపు, ఎఱుక, మఱపు.
ముందు అంకెలు తగిలించి, వెనక తగిలించి.
రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు.
కార్డు మీద చెయ్యి పెడితే పెనంలా ఉంది,
ఆ పొడిముద్ద మాత్రం పగల్లేదు.
ఐదో రోజు కరెంటు పోయింది.

చేసేది లేక అట్టపెట్టె విప్పాను.
సీసం అచ్చుల కాలం నాటి గ్యాలీ ప్రూఫులు, కిరసనాయిలు వాసన.
మార్జిన్లో ఎర్రసిరా, చీమలబారు లాంటి రాత:
"భ్రమరాంబ గారూ, సంస్కృతపదంలో బండి ఱ రాదు."
"భ్రమరాంబ గారూ, మళ్ళీ."
"ర గడి ఖాళీ అయితే కబురు పెట్టండి, ఱ ఎక్కించకండి."
తర్వాత కొన్నిట్లో సున్నా చుట్టి వదిలేశాడు, మాట లేదు.
ఆఖరి కట్టలో సున్నా కూడా లేదు.
ఱాజు, ఱాత్రి, ఱథం, అలాగే పోనిచ్చాడు.
కింద మాత్రం "చూశాను" అని సంతకం.

నేను పోసినవన్నీ ఒప్పులు.

కరెంటొచ్చాక కొట్టాను: భ్రమఱాంబ.
ఎనిమిది ముక్కలు, ఇరవై నాలుగు బైట్లు.
పడలేదు.

టీ తెప్పించుకుని ఆ ప్రెస్సు తెర గుర్తు తెచ్చుకున్నాను.
వాళ్ళది ఇంకా పాత డీటీపీ ఫాంటు.
దాంట్లో తెలుగు పైచొక్కా మాత్రమే;
లోపల నెత్తిన రెండు చుక్కల యూ, తోక వేలాడే సీ,
టోపీ పెట్టిన ఓ. ఎవరి ఊరి అక్షరాలో.
పాస్‌వర్డు గడిలో ఆయనకి కనిపించినవి నల్లచుక్కలే.
వేళ్ళకి అలవాటైన దారిన వేళ్ళు పోయాయి.
ఆ పరదేశి అక్షరాల్ని ఒక్కోదానికి ఒక్క బైటు చొప్పున,
వత్తు ముందో వెనకో తెలియక అన్ని వరసల్లోనూ,
మరలో పోశాను.

టీ మీద మీగడ కట్టకముందే తాళం ఊడింది.

కోటిలింగం గారు చెప్పులు విడవకుండానే లోపలికొచ్చారు.
"ఏముందమ్మా అందులో?"
"అచ్చుతప్పండీ."
"భావన్నారాయణా? అచ్చుతప్పా?"
నా మొహంలోకి చూశారు, నమ్మలేదు.
పద్దెనిమిది వందలిచ్చి
కొత్త పాస్‌వర్డుగా ప్రెస్సు ఫోన్‌నంబరే పెట్టమన్నారు.
పెట్టాను.

రాత్రి పనుల పుస్తకంలో పాతది రాసుకున్నాను, ఱ తోనే.
చేతికి దొరికింది ఎర్రపెన్ను.
ఆమె ఎవరో, ఉందో లేదో, ఏ పేటలో ఉంటుందో
కోటిలింగం గారిని అడగాల్సింది.
బిల్లు చింపేటప్పుడు తోచలేదు.