రాత్రి షిఫ్టు ఔట్‌బాక్స్

బల్లరాట్ ఆసుపత్రి, నాలుగో వార్డు.
కిటికీ పక్క కంప్యూటర్‌లో
పగటివాళ్ళ మెయిళ్ళు పోతాయి.
రాత్రివాళ్ళవి ఒకటి పోతే రెండు
గొంతులో పచ్చి వెలక్కాయ.

పోర్టు మార్చాను. పాస్‌వర్డు మార్చాను.
కేబుల్ పీకి, ఊది, మళ్ళీ పెట్టాను.
పదిమందిలో పాము చావదంటారు,
ఇక్కడ పదకొండు మందికి ఒకటే లాగిన్.

అట్టడుగున దొరికింది
మార్చి నుంచీ కదలని ఉత్తరం.
అక్క స్కానింగు బొమ్మలన్నీ జతచేసి,
సర్వరు మోయలేనంత బరువుగా
నాలుగు రోజుల సెలవడిగింది గ్లెనిస్.

ఇది జూలై. బయట
కారు అద్దం మీద మంచు గీకుతున్నారెవరో.
మందుల ట్రాలీ ఆపి
గ్లెనిస్ తెరకేసి చూసింది.
"వద్దన్నారనుకున్నా," అంది.

పంపనా, చెరపనా అని అడగలేక
మౌస్ ఆమె వైపు జరిపాను.