ఎల్లకల్లు చెక్కుబంది

ఎల్ల అంటే హద్దు.
కల్లు అంటే కన్నడంలో రాయి, మా తెలుగిళ్ళల్లో తాగేది.
అందుకని మా ఊరి పేరుకు రెండు చరిత్రలు.
పూటను బట్టి ఏదో ఒకటి నమ్మేవాళ్ళం.

మా నాయన పిల్లప్ప సర్వేవాళ్ళకు గొలుసు లాగేవాడు.
అరవైఆరు అడుగులు, నూరు లింకులు,
పదింటికొక ఇత్తడి బిళ్ళ.
ఊరెంత ఉంటుంది నాయనా అంటే
నడిస్తే రెండు బీడీలు, కొలిస్తే మూడు నెలలు అన్నాడు.

డెబ్బైమూడులో పంచాయితీ పురసభ అయింది.
రెండు గదులు, ఒక చకోత చెట్టు, మూడు కుర్చీలు,
నాలుగో మనిషి వస్తే చీఫ్ ఆఫీసరు లేచి నిలబడేవాడు.
ఆ బీరువాలోనే ఉండింది చెక్కుబంది కాగితం,
నాయన కొలిచింది, ఇంకెవరో సంతకం పెట్టింది.

తూర్పుకు: రైలు గేటు, రత్నోజి మేకల దొడ్డి గోడ వరకు.
మేకలు పోయాయి, గోడ పోయింది,
కాగితంలో ఇంకా అరుస్తున్నాయి.

దక్షిణానికి: రాళ్ళ క్వారీ.
అక్కడ ఊరు పక్కకు పెరగలేదు, కిందికి పెరిగింది.
తవ్విన రాయి లారీలెక్కి బెంగుళూరు పోయి
ఎవరెవరి గుమ్మాల ముందో మెట్లయింది.
నగరం మా ఊళ్ళోకొచ్చిందని అందరూ ఇప్పుడంటారు గానీ
మా ఊరే ముందు పోయింది,
టన్నుకింతని.

ఉత్తరానికి: మిట్ట. మిట్ట మీద ముద్దక్క పెంకుటిల్లు.
వాన పడితే పడమటి వాలు నీళ్ళు అర్కావతికి,
తూర్పు వాలు నీళ్ళు దక్షిణ పినాకినికి.
చూరునీళ్ళు వీధిలో పడుతున్నాయని నోటీసిచ్చారు ఆమెకి.
ముద్దక్క కాగితం తిరగేసి, మరగేసి,
"ఏ ఏటి తరఫున సార్, ఈ కంప్లైంటు?" అంది.
జవాబు ఫైల్లో లేదు. నేను వెతికాను.

పడమరకు—

పడమర చెప్పాలంటే ప్లేగు నుంచి మొదలెట్టాలి.
ఎలుకలు రాలిన ఏడు ఊరంతా బయట గుడిసెలేసుకుంది.
జబ్బు తగ్గాక అందరూ వెనక్కొచ్చారు,
పీనుగులు మోసినవాళ్ళను మాత్రం
అక్కడే ఉండమన్నారు.
వాళ్ళు అక్కడే ఉన్నారు.
ఊరు వాళ్ళ దాకా పోయి ఆగింది, కొళాయి అంతకు ముందే ఆగింది.

హద్దు గీసిన రోజు సర్వేయరు
గొలుసు కొంచెం వంచమన్నాడట.
గొలుసు వంగితే కొలత రాదు సార్ అన్నాడు నాయన.
సరే, పట్టుకో, అన్నాడాయన.
గొలుసు తిన్నగానే ఉండింది.
పెన్సిలు వంగింది.

ఆ వంపు మీద ఇరవై రెండేళ్ళు నేను పన్ను వసూలు చేశాను.
ఆఖరి ఇల్లు బసమ్మది, రసీదు చించి ఇచ్చేదాన్ని.
రోడ్డుకు అవతల పోలమ్మ బిందె పెట్టుకుని చూసేది.
మాకెప్పుడమ్మా రసీదు, అనేది.
పన్ను కట్టాలని అంత ఆశపడ్డ మనిషిని
నా ఉద్యోగంలో ఇంకొకర్ని చూడలేదు.

పోయిన నెల పురసభను రద్దు చేసి మహానగరంలో కలిపారు.
కుర్రాడొకడు డ్రోను ఎగరేశాడు. టీ చల్లారేలోపు మ్యాపొచ్చింది.
పడమటి కాలనీ లోపలే ఉంది,
వంపు లేదు.
చూపిద్దామని పోయాను. పోలమ్మ మనవడు తలుపు తీశాడు.
అవ్వ లేదన్నాడు.
మేము లోపలికి వచ్చినాము సరే, దేని లోపలికి, అన్నాడు.
బోర్డు అప్పటికే దించేశారు.

నాయన గొలుసు ఇప్పుడు మా దాబా మీద
బట్టలారేసే తీగ.
నిన్న చెడ్డీలు తీస్తూ లెక్కపెట్టాను. నూరూ ఉన్నాయి.
కానీ టేపు పెడితే అరవైఆరుంబావు అడుగులు.
గొలుసు సాగితే నేల తక్కువ పలుకుతుంది పాపా,
అనేవాడు ఆయన, కాళ్ళకు వేపనూనె రాసుకుంటూ.

అంటే రికార్డులో ఉన్నదానికంటే
మా ఊరు కొంచెం పెద్దదే.
ఆ కొంచెం ఏ సర్వే నంబరులో ఉందో తెలీదు.
ఎవరి ఖాతాలోనూ ఎక్కలేదు.
దుప్పటి ఇంకా తడిగా ఉంది, వదిలేసి కిందికొచ్చాను.