కూజా ఆకారపు ఖాళీ

తల వంచమని ఎవరూ చెప్పలేదు.
బుఖారాలో ఆ ఇంటి గడప దాటబోతూ
ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాను.
జుల్హుమోర్ నవ్వు ఆపుకుంటూ
మంచు ముక్కలు గుడ్డలో చుట్టి తెచ్చింది.
"మొదటి రోజు అందరూ కొట్టుకుంటారు.
రెండో రోజూ కొట్టుకుంటే మాత్రం
అద్దె ఎక్కువ."

నాలుగే గదులు. నాది మూడోది.
నూట ముప్పై ఏళ్ల కిందట
ఓ పట్టు వర్తకుడు చుట్టాల కోసం కట్టించిందట.
దూలాల మీద దానిమ్మ పూలు
ఎరుపు వెలిసి ఎండుమిరప రంగుకి తిరిగాయి.
హీటరు మాత్రం నిరుటిది,
రాత్రంతా మంచం కింద పిల్లిలా గురగురమంది.

గోడ నిండా గూళ్లు.
మన దీపపు గూళ్లలాంటివి కావు.
సున్నపు పలకలో కోసిన ఆకారాలు:
కూజాకి కూజా మెడ,
గిన్నెకి గిన్నె నడుము,
పన్నీరుబుడ్డికి సన్నటి గొంతు.
ఏది ఎక్కడ కూర్చోవాలో
గోడే తేల్చేసిన ఇల్లు.
పాత్రలు ఎప్పుడో పోయాయి.
తీర్పులు మిగిలాయి.

కళ్లజోడు పెట్టె కూజా చోట పట్టలేదు.
ఛార్జరు గిన్నె చోటు నుంచి జారిపడింది.
టూత్‌బ్రష్ ఒక్కటి పన్నీరుబుడ్డి గూట్లో
నిటారుగా నిలబడింది,
పరాయి పెళ్లి ఫొటోలో ఇరుక్కున్న మనిషిలా.

పొద్దున్నే నడవాలో పచ్చ టీ.
ఆమె కప్పులో పోసి మళ్లీ కూజాలోకే వంపింది,
మూడుసార్లు.
నాలుగోసారి నాకిచ్చింది, సగమే.
నిండా పోస్తే ఇక వెళ్లమని అర్థమట.

వంటింటి గుమ్మం పైన
ఒక్క గూడు మాత్రం ఖాళీగా లేదు.
గుండ్రంగా, బూడిద రంగులో,
నడుమ పువ్వు అచ్చుతో, అంచున గాటుతో ఏదో.
మట్టిపలక అనుకున్నాను.
కిందటి నెల జర్మన్ జంట కూడా అలాగే అనుకుని
ఎన్నో శతాబ్దానిదని అడిగారట.
"రొట్టె" అంది జుల్హుమోర్.

ఈ ఇల్లు యాఫా వాళ్లది.
వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు.
తొంభై రెండులో
సూట్‌కేసులకి తాళ్లు కట్టుకుని
వీధిలో సగం యూదుల ఇళ్లు వెళ్లిపోతుంటే
పక్కింటి ఈమె నాన్నకి అమ్మారు,
కొంత డబ్బుకీ, ఒక రేడియోకీ.
ఆడపిల్లలిద్దరికీ తొమ్మిదేళ్లు.
వెళ్లేవాళ్లు ఒక్క ముక్క కొరికి వెళ్తే
మిగిలిన రొట్టె వాళ్లని వెనక్కి తెస్తుందని ఇక్కడివాళ్ల మాట.
యాఫా కొరికింది.
దగ్గరికెళ్లి చూస్తే
ఊడిన పన్ను చోట
గాటు మధ్యలో చిన్న గుట్టలా పిండి.

"వచ్చిందా మరి?"
"వచ్చింది. పదేళ్లు కావస్తోంది.
బుకింగ్‌లో వేరే ఇంటిపేరు,
నేను గుర్తుపట్టలేదు.
రెండు రాత్రులకి ముందే డబ్బు కట్టేసి
ఆ గుమ్మంలోంచి
తల తగలకుండా లోపలికొచ్చింది.
అప్పుడు తెలిసింది."

కాసేపు టీ కూజా మూత సర్దుకుంది.

"వచ్చినవాళ్లు మిగతా రొట్టె తినాలి.
పళ్లు రాలతాయి అంది. నవ్వుకున్నాం.
డబ్బు తిరిగిస్తే
ఒక రాత్రిది మాత్రమే తీసుకుంది.
రసీదు కావాలా అని అడిగాను.
ఎందుకడిగానో.
కావాలంది."

ఆ రొట్టెని మళ్లీ ఎవరు గూట్లో పెట్టారో
నేను అడగలేదు.

వెళ్లే రోజు
నా కప్పు అంచుదాకా నింపింది.
చెయ్యి కాలకుండా రెండు చేతులతో పట్టుకుని
మెల్లిగా తాగాను.
గుమ్మం దగ్గర బాగా వంగాను,
కావలసినదానికన్నా బాగా.

సమర్‌కండ్ రైల్లో సగం దారిలో గుర్తొచ్చింది
టూత్‌బ్రష్.
ఈపాటికి దుప్పట్లు మారుస్తూ పారేసే ఉంటుంది.
పారేసిందనే అనుకుంటున్నాను.