నలభై గజాలు

తుక్కుగూడ దాటినంక, గుట్ట కింద,
నూటయాభై గజాల ప్లాటు మాది.
పద్నాలుగేండ్లు కిస్తీలు కట్టినం.
పోయి చూసినప్పుడల్లా
హద్దురాళ్లల్ల ఒకటి తక్కువుండేది.
పోయినేడు అమ్మేసినం.
అందుల నలభై గజాలు మేమే తిన్నం,
పెండ్లయి ముప్పయ్యేండ్లయిన పేరు మీద,
వియన్నల సగం, బుడాపెస్టుల సగం.

ఆయన జలమండలిల మీటర్లు చదివిన మనిషి.
అన్నిటినీ గజాలల్లనే లెక్కగట్టిండు.
"ఈ గదికి రాత్రికి గజంన్నర, రత్నమాలా.
ఈ సూపు జానెడు.
ఈ కాఫీ నాలుగంగుళాలు, అదీ సల్లారింది."
దీపాల గుత్తుల కింద
తెల్ల చేతిగ్లవుసుల పిల్లగాడు వెండి మూత లేపంగనే
నాకు తుమ్మకంప కనబడ్డది.
ఇద్దరం నవ్వినం.
పక్క బల్లవాళ్లు తిరిగి చూసిండ్రు.

ఇగ నా సంగతి.
లక్డీకాపూల్ హోటల్ల ఇరవయ్యారేండ్లు
పరుపులు సర్దిన చేయి ఇది.
పూటకు పదహారు గదులు.
దుప్పటి మూల నలభై ఐదు డిగ్రీలకు మడవాలె,
మెత్త మీద వేలి గుర్తు ఉండొద్దు.
పండుకున్నోళ్ల పేర్లు తెల్వవు,
పడక మాత్రం అన్నీ చెప్తది:
ఎవరు ఏ అంచుకు జరిగిన్రు,
ఎవరు సోఫాల తెల్లారగట్టిన్రు,
ఏ మెత్త తడిసింది.
పెండ్లిరోజు జంటలొస్తే
తువ్వాలలతోని హంసలు చేసి, ముక్కుకు ముక్కు ఆనించి
గులాబీ రెక్కలు చల్లేదాన్ని.
నా పెండ్లిరోజుకు ఎప్పుడూ నైట్ డ్యూటీనే పడేది.

బుడాపెస్టుల మా పరుపు మీద
ఎవరో చేసిన హంసలు.
ఆయన ఫోటో తీస్తుండు.
నేను మెడలు చూసిన. ఒకటి వాలింది.
పన్నెండో గదికొచ్చేసరికి
చేయి అట్లనే జారుతది, నాకెరుక.

తెల్లారి లేచి పరుపు నేనే సర్దిన.
"పైసలు కట్టినం గదనే, ఊకుండు."
ఊకుంటలేదు చేయి.

తొమ్మిదింటికి ఆమె వచ్చింది.
ఛాతీ మీద పేరు: ఇలోనా.
నా ఈడుదే, మోకాలికి పట్టీ.
పరుపు చూసింది. వంగింది.
మూల కింద రెండు వేళ్లు పెట్టి చూసి
నా దిక్కు తిరిగింది.
నేను పది వేళ్లు చూపిన, తర్వాత ఆరు.
ఆమె పది చూపింది,
ఆగి, ఇంకో ఎనిమిది.

అంతే, ఇగ భాష అక్కర రాలే.
బంగారు కాళ్ల మఖ్మల్ కుర్చీ లాగి
కూసోమన్న. కూసోలే.
భుజం పట్టి కూసోబెట్టిన.
సూట్‌కేసులకెళ్లి చాయపత్తా తీసి,
ఇలాచీ పండ్లతోని కొరికి,
బుడ్డ కెటిల్‌ల మరగబెట్టిన.
ఆయనతోని, "తలుపు కాడ నిలబడు" అన్న.
ముప్పయ్యేండ్లల్ల మొదటిసారి
ఎందుకని అడుగలే.
ఎర్ర తివాచీ మీద, చేతులెనక పెట్టుకొని,
కుక్కలున్న ఇంటి గేటు ముందర మీటరు మనిషి లెక్క
అటూ ఇటూ చూసుకుంట నిలబడ్డడు.
ఒకసారి దగ్గిండు. ఆమె లేవబోయింది.
కాదు, ఉత్త దగ్గే.

ఆరు నిమిషాలు.
ఎడమ బూటు మడమ కాడికి ఇడిచి,
కళ్లు మూసుకొని, కప్పు అడుగుదాక తాగింది.
కిటికీల నది పోతుండె.
ఆ కుర్చీలకెళ్లి ఆ నది ఎట్లుంటదో
అప్పటిదాక ఆమె చూసిందో లేదో.

చిలకలగూడకొచ్చినం.
కింది పోర్షన్ జుబేదాబీ అడిగింది, ఏమేం చూసిన్రని.
వంతెనలు చెప్పిన, రాజుల కొలువులు చెప్పిన,
ఫోటోల హంసలు చూపిన.

రాత్రి గదిలకు పోతే
మా పాత పరుపు మీద దుప్పటి కొత్తగ పరిచుంది.
మూల మడిచిండు ఆయన.
ముప్పై డిగ్రీలు కూడ రాలే.
సరిజేయలే నేను.
తెల్లారి నాలుగున్నరకు నల్లా వస్తదని
అలారం పెట్టుకొని పండుకున్న.