ఎత్తిపెట్టిన పాలు

క్లాక్ టవర్ కాడ మూతబడ్డ నెట్ సెంటర్ల
మూలకు పడి ఉండె ఈ టవర్.
ఇనుప డబ్బా, నడుము దాకా ఎత్తు. తొమ్మిదొందలకిచ్చిండు.
ఆటో ఎనుక సీట్ల మనిషి లెక్క కూసోబెట్టి తెచ్చిన.
దింపేటప్పుడు ఆటో ఆయన అడిగిండు,
"అన్నా, ఇది బీరువానా, కూలరా?"
రెండూ అన్న.

స్టూడియోల ఇరవై రెండేండ్ల పెండ్లిళ్లున్నయి.
కొన్ని క్యాసెట్లల్ల, కొన్ని సీడీలల్ల,
చెప్పుల డబ్బాలల్ల దాచిన డిస్కులల్ల కొన్ని.
మొన్న ఎండకాలం ఒకటి టిక్కు టిక్కుమని ఆగిపోయింది.
దాంట్ల పద్నాలుగు పెండ్లిళ్లు, ఒక సావు,
కురుమూర్తి జాతర మొత్తం.
అడగనొచ్చినోళ్లకు "కరెంటు పోయింది" అని చెప్పిన.
ఆ అబద్ధం నాకే అతకలే.

చిట్టి ఎత్తి ఎనిమిది డిస్కులు కొన్న.
డబ్బాల జాగ ఆరింటికే.
జాంగీర్ తన వెల్డింగ్ షాపుల
పాత మంచం పట్టీ కోసి ఇంకో రెండింటికి అర చేసిండు.
"ఊగితే సస్తయి ఇవి" అన్న.
సైకిల్ ట్యూబు ముక్కలు కోసి మరల కింద పెట్టిండు.
"ఇగ ఊగయి. మా అత్త కుట్టుమిషన్ కిందగూడ ఇదే."

ముందర మూడు ఫ్యాన్లు.
రేకుల గది, వైశాఖం, నాకు లేని గాలి దానికి పెట్టిన.
వైర్లు సర్దంగ సర్దంగ కోడి కూసింది.
అన్నీ సరిగున్నయి, ఒక్కటే వదులుగ ఉండె.
ఆ ఒక్కటే రెండు గంటలు ఏడిపించింది.

"ఎనిమిది కొంటివి, ఆరింటి జాగనే చూపుతున్నది,
మోసపోయినవ్" అన్నడు ఆల్బమ్‌లు చేసే కుర్మయ్య.
రెండింటి జాగ పక్కకు ఎత్తిపెట్టింది,
ఎవడన్న పడిపోతే అని.
ఎట్ల చెప్పాలె ఆయనకు?

మా నాయిన గుంపు మేస్త్రి.
ఎనిమిది పారలు, ఎనిమిది గంపలు, ఒక లారీ.
ఏ రాష్ట్రంల కాలువుంటే ఆడికి.
ఒకనికి జరమొస్తే వాని గొయ్యి కొంత కొంత
అందరి గోతులల్ల కలిసేది.
శనివారం పైసలు పంచేటప్పుడు
పండుకున్నోని పాలు పండుకున్నోనికే.
ఎవరెంత తవ్విండ్రో ఎవరూ అడిగేటోళ్లు కాదు,
కొలత మాత్రం తక్కువ రాలే.

"గట్లనే" అన్న.
కుర్మయ్య తల గోక్కున్నడు.

తెల్లటేపు అంటించి పేర్లు రాసిన.
బుడ్డన్న, జములయ్య, లాల్యా, పెద్ద నర్సింలు,
ఉస్మాన్, మొగులప్ప, తిర్పతయ్య.
ఎనిమిదోదాని మీద రాయనీకి చెయ్యి రాలే.

చూద్దామని, నడుస్తుండంగనే మొగులప్పను గుంజిన.
తెర మీద పెండ్లికొడుకు తలంబ్రాలు పోస్తనే ఉన్నడు,
ఒక్క గింజ ఆగలే.
మల్ల పెడితే కోలుకోనీకి ఇరవై తొమ్మిది గంటలు.
నడుమ రెండుసార్లు కరెంటు పోయింది.
ఇన్వర్టర్ మీద డబ్బాను ఉంచి, నా పంకా ఆర్పి
చీకట్ల చెమటల కూసున్న
ఎర్రలైటు పచ్చగయ్యేదాక.

నిన్న కుర్మమ్మ జడ్చర్ల బస్సు దిగి ఒచ్చింది.
తన పెండ్లి కాదు, ఆడిబిడ్డ పెండ్లి కావాలన్నది.
"బంతిల సాంబారు బకెటు పట్టుకుంటడు సూడు. ఆడ ఆపు."
నాలుగు సెకండ్లు.
మొకం గూడ సగమే. ఎవరినో కసురుతున్నడు.
"గట్లనే కసురుతుండె" అన్నది. "ఇంకోసారి."
ఆరుసార్లు ఏసిన.
పోతపోత డబ్బా మీద చెయ్యి పెట్టి చూసింది,
జరమొచ్చిన పిల్లకు చూసినట్టు.

ఇయ్యాల పొద్దుగాల నుంచి
నాలుగోది టిక్కుమంటున్నది. పెద్ద నర్సింలు.
వచ్చే నెల చిట్టి దాకా ఆగు అన్న.
ఆగకుంటే ఆగకపో,
పండుకో.
ఏడుగురున్నరు.